పద్దెనిమిదో ట్యూబు

ఆ సోమవారం పొద్దున అతని చేతిలో ఉన్నవి ఇవి: ఒక ఐసు ఫ్యాక్టరీ, రెండు వ్యాన్లు, పన్నెండేళ్లలో ఒక్క చేపబుట్ట కూడా చెడగొట్టలేదన్న పేరు, ఆ పేరు విని ల్యాబు వాళ్లు ఇచ్చిన కాంట్రాక్టు, వ్యాను నడపడానికి ఒక బావమరిది, రెండేళ్ల కిందట రొమ్ము క్యాన్సరు నుంచి బయటపడ్డ భార్య. వీటిలో ముందుగా చెయ్యి జారిపోయేది ఏదని ఎవరైనా అడిగి ఉంటే బావమరిది అని చెప్పేవాడు. వాడికి ఉద్యోగం కన్నా నిద్ర మీద మక్కువ ఎక్కువ.

కాంట్రాక్టు చిన్నదే. ప్రతి సోమవారం ఊళ్లో ఉన్న రక్తసేకరణ కేంద్రం నుంచి పద్దెనిమిది ట్యూబులు తీసుకుని, మూడు గంటల దూరంలో ఉన్న ల్యాబులో అప్పగించాలి. ట్యూబులు నిటారుగా ఉండాలి. కుదుపు తగలకూడదు. ఐసు పెట్టకూడదు.

ఈ చివరి షరతు విన్నప్పుడు అతను నవ్వాడు.

"ఐసు లేని పెట్టె మొయ్యడానికి ఐసువాడు ఎందుకమ్మా?" అని ల్యాబు డాక్టరమ్మని అడిగాడు.

"ఎంత చల్లదనం పెట్టాలో తెలిసినవాడికి ఎంత పెట్టకూడదో కూడా తెలుస్తుందని," అంది ఆవిడ.

ఆ మాట అతనికి నచ్చింది. ఆవిడ పనిని వివరించిన తీరు ఇంకా నచ్చింది. ఒంట్లో ప్రతి కణమూ చిన్నచిన్న సంచులు కట్టి రక్తంలోకి వదులుతూ ఉంటుందట. డాక్టర్లు వాటిని వెసికిల్స్ అంటారు. కంటికి కనపడవు, మామూలు మైక్రోస్కోపుకీ అందవు. కానీ ఏ కణం వదిలిన సంచి మీద ఆ కణం గుర్తు ఉంటుంది. క్యాన్సరు కణం వదిలితే దాని గుర్తూ ఉంటుంది. గడ్డ స్కానులో కనపడేంత పెరగకముందే రక్తంలో దాని సంచులు దొరకొచ్చు. ఒకసారి జబ్బు నయమైన వాళ్లకి అది తిరగబెడుతోందేమో ముందే పట్టుకోవచ్చా అని వాళ్ల పరిశోధన.

"మా మార్కెట్లో గోనెసంచి కుట్టు చూసి ఏ మిల్లుదో చెప్పేస్తారు. అంతేగా?" అన్నాడు అతను.

"అంతే."

"మరి ఆ సంచుల్లోనే మందు నింపి వెనక్కి పంపితేనో? ఎలాగూ దారి తెలిసిన సంచులు."

డాక్టరమ్మ కళ్లజోడు తీసి అతన్ని మళ్లీ చూసింది. "ఆ పని పక్కగదిలో జరుగుతోంది. ఇంకా ఎలుకల దగ్గరే ఉన్నాం. మీరు చదువుకుని ఉంటే మా ఉద్యోగాలు పోయేవి."

ఆ ఒక్క పొగడ్త మీద అతను తొమ్మిది సోమవారాలు ఐసు పెట్టకుండా పెట్టె మోశాడు.

పదో సోమవారం ఆ పెట్టెలో అతని భార్య రక్తం ఎక్కింది.

*

సేకరణ కేంద్రం అంటే రెండు గదులు, ఒక కుర్చీ, ఒక సూదక్క. అసలు పేరు చీటీల మీద ఉంటుందేమో గానీ అందరూ పిలిచేది సూదక్క అనే. ఇరవై రెండేళ్లుగా సూది పట్టిన చెయ్యి. అతని భార్యకి ఎడమవైపు ఆపరేషను అయింది కాబట్టి ఆ చేతికి సూది పెట్టకూడదు. కుడిచేతి నరాలు మందులకి మాడిపోయి లోపలికి దాక్కున్నాయి. సూదక్క కళ్లు పక్కకి తిప్పుకుని, రెండు వేళ్లతో మోచేతి మడతలో మెల్లగా తడుముతుంది. దొరికాక ఆ వేళ్లు ఆగిపోతాయి.

"ఉందిలే, ఇక్కడే పడుకుంది సోమరిది," అంది సూదక్క.

"మా తమ్ముడి పోలిక," అంది భార్య.

గుమ్మంలో నిలబడ్డ బావమరిది, "నన్నెందుకు లాగుతావక్కా మధ్యలో," అన్నాడు.

సూది లోపలికి వెళ్లినట్టు భార్యకి తెలియలేదు. మొదట వచ్చిన కాస్త రక్తాన్ని సూదక్క వేరే ట్యూబులో పట్టి పక్కన పడేసింది. రెండోదే అసలుది. దాన్ని ఊపకుండా నెమ్మదిగా పైకీ కిందికీ తిప్పి, చీటీ అంటించి, నిటారుగా నిలబెట్టింది. పదిహేడు అయ్యాయి.

పద్దెనిమిదోది ఆవిడ సొంతం. ప్రతి పెట్టెలోనూ జబ్బులేని మనిషి రక్తం ఒక ట్యూబు ఉండాలి, మిగతా పదిహేడింటినీ దానితో పోల్చి చూస్తారు. రబ్బరు పట్టీ ఒక కొసని పళ్లతో పట్టుకుని, ఎడమచేతికి బిగించి, కుడిచేత్తో తన నరంలో తనే సూది పెట్టుకుంది సూదక్క. ఆ ట్యూబుకి పేరుండదు. నల్లటి గుండ్రటి గుర్తు ఒకటి అంటిస్తారు, అంతే.

"త్రాసులో రాయివన్నమాట నువ్వు," అన్నాడు అతను.

"రాయికేం అన్నా, దానికి తిండి ఖర్చుండదు," అంది సూదక్క, దూదితో చెయ్యి అదుముకుంటూ.

బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. వ్యాను తలుపు పట్టుకుంటే చెయ్యి చురుక్కుమంది. మామూలుగా అయితే అతను పెట్టె ఎక్కించి ఫ్యాక్టరీకి వెళ్లిపోతాడు. ఆ రోజు మూత తెరిచి భార్య చీటీ ఉన్న ట్యూబు మీద వేలు ఆనించాడు. వెచ్చగా ఉంది. అందులో ఉన్నది రెండేళ్ల భయం, ఇరవై ఎనిమిది సార్లు ఆస్పత్రికి తిరగడం, ఊడిన జుట్టు మళ్లీ రావడం. దాన్ని ఈ ఎండలో మూడు గంటలు మామూలు పెట్టెలో పంపాలి. ఈ వేడిలో పాలు పంపినా దారిలో విరిగిపోతాయి.

రెండో వ్యాను నుంచి రెండు ఐసుగడ్డలు తెచ్చి, గుడ్డలో చుట్టి, ట్యూబుల స్టాండుకి రెండువైపులా సర్దాడు. సర్దడంలో అతని చెయ్యి అతనిదే. గడ్డ కదలదు, నీరు కారదు.

"బావా, వద్దన్నారు కదా," అన్నాడు బావమరిది.

"చల్లదనం సంగతి నీకు తెలుసా, నాకు తెలుసా?"

"నాకు తెలీదు. డాక్టరమ్మకి తెలుసు."

"ఆవిడ ఏసీ గదిలో కూర్చుని రాసిన కాగితం అది. అప్పగించే ముందు గడ్డలు తీసేసి లోపల పొడిగుడ్డతో తుడువు. సరుకు తడిగా అప్పగించడం మన పద్ధతి కాదు."

పెట్టె మూతలో ఒక తెల్లటి పట్టీ ఉంటుంది. దారిలో వేడెక్కితే అది ఎర్రబడుతుంది. చలికి అది పలకదు. ఎవడైనా కావాలని చల్లబరుస్తాడని దాన్ని చేసినవాడు అనుకుని ఉండడు.

*

గురువారం మధ్యాహ్నం అతని భార్య ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని మరునాటి ఆర్డర్ల చీటీలు రాస్తోంది. ఫోను మోగింది. ఆమె "ఊ" అంది, "ఊ" అంది, "సరేనండీ" అంది. ఫోను బల్లమీద పెట్టి, పెన్నుకి మూత పెట్టి, ఆ పెన్నుని చీటీల కట్టకి సరిగ్గా సమాంతరంగా సర్దింది.

"ఎవరు?" అన్నాడు అతను.

"ల్యాబు వాళ్లు. నాలుగింతలైందట."

"ఏది?"

"నా లెక్క. మూడునెలల కిందట ల్యాబుకే వెళ్లి ఇచ్చినదానికి ఇప్పటిది నాలుగింతలట. వెంటనే పెద్ద డాక్టరుగారి దగ్గరికి వెళ్లమన్నారు."

పక్కగదిలో ఐసుదిమ్మెలు జారి నేలకి కొట్టుకున్న చప్పుడు వినిపించింది. రోజూ వినే చప్పుడే. ఇద్దరూ ఒక్కసారి ఉలిక్కిపడ్డారు. అతను కుర్చీ కోసం చెయ్యి వెనక్కి చాపితే గోడ తగిలింది. భార్య లేచి, అతన్ని కూర్చోబెట్టి, నీళ్లు తెచ్చి, తనే ముందు తాగేసింది.

"రేపటికి నలభై దిమ్మెలు చెప్పారు ఐస్‌క్రీం వాళ్లు. ముప్పై అని రాశాను, దిద్దండి," అంది. అన్నాక రెండు చేతుల్నీ తొడల కింద పెట్టుకుని వాటిమీద కూర్చుంది.

ఆ సాయంత్రమంతా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పూర్తి వాక్యం మాట్లాడలేదు. ఆమె ఉన్నట్టుండి అలమర తీసింది. జుట్టు లేనప్పుడు తలకి కట్టుకున్న నాలుగు గుడ్డలూ బయటికి లాగి, ఉతికి, ఆరేసింది. అవి తీగ మీద వరసగా వేలాడుతుంటే అతను ఆ వైపు చూడలేకపోయాడు.

శుక్రవారం పదింటికి ఈసారి అతనికే ఫోను వచ్చింది. డాక్టరమ్మ గొంతు.

"ముందు ఒక మంచిమాట చెప్తాను. కంగారు పడకండి. సోమవారం పెట్టెలో అన్నీ ఎక్కువే వచ్చాయి. పద్దెనిమిదికి పద్దెనిమిదీ. అన్నీ పక్కపక్కన పెట్టి చూడకముందే మా వాళ్లు ఆరుగురికి ఫోన్లు చేసేశారు. చాలా తప్పు జరిగింది."

"అంటే మా ఆవిడకి..."

"ఏమీ చెప్పలేం. ఆ పెట్టె మొత్తం చెల్లదు. మళ్లీ తియ్యాలి."

అతను పక్కనున్న బల్లమీద కూర్చుండిపోయాడు. తర్వాత వచ్చిన ప్రశ్నకి సిద్ధంగా లేడు.

"మీ వైపు దారిలో ఏమీ తేడా జరగలేదు కదా? పట్టీ అయితే ఎర్రబడలేదు."

వ్యాపారంలో ఇలాంటి ప్రశ్నకి జవాబు ఆలస్యమైతే అదే జవాబైపోతుంది. అది అతనికి బాగా తెలుసు.

"లేదమ్మా," అన్నాడు.

"నేనూ అదే అనుకున్నాను. రక్తం తియ్యడంలోనే పొరపాటు. సన్నసూది వాడినా, ట్యూబు గట్టిగా ఊపినా కణాలు చెదిరి సంచులు కుప్పలుగా వదులుతాయి. మరీ చల్లబడినా అంతే, రక్తం గడ్డకట్టించే కణాలు ఉలిక్కిపడి ఊరికే సంచులు విసిరేస్తాయి. సూదక్కని అడిగాం. తన పొరపాటే అయి ఉంటుందని ఒప్పుకుంది. పక్కన పెట్టాం. రేపటి నుంచి కొత్తమ్మాయి వస్తుంది."

ఫోను పెట్టేశాక అతను చాలాసేపు ఐసుగది తలుపు దగ్గర నిలబడ్డాడు. సూదక్క ఎందుకు ఒప్పుకుంది? ఆ చెయ్యి తప్పు చెయ్యలేదని ఆమెకన్నా అతనికే బాగా తెలుసు. కానీ లెక్క వేసి చూస్తే అన్నీ వాటంతట అవే సర్దుకుంటున్నాయి. భార్యకి మళ్లీ పరీక్ష జరుగుతుంది. మిగతావాళ్లకీ జరుగుతుంది. పేరు పోదు, కాంట్రాక్టు పోదు. నోరు తెరవకపోతే తనవైపు పోయేది ఏమీ లేదు. ఇన్నేళ్లలో ఇంత లాభంగా ఏ పొరపాటూ తేలలేదు.

"చెప్పకు బావా," అన్నాడు బావమరిది, అడగకుండానే. "గడ్డలు తీసి తుడిచింది నేను. దాచడానికి తుడిచామంటారు."

"నేనేం అనలేదే!"

"అనలేదు కాబట్టే చెప్తున్నా."

*

శనివారం కొత్తమ్మాయి అతని భార్య చేతిని మూడుచోట్ల పొడిచింది. మూడోసారి ఆ అమ్మాయి కళ్లలోనే నీళ్లు తిరిగాయి. భార్య జాకెట్టు చెయ్యి కిందికి లాక్కుని లేచి నిలబడింది.

"నీ తప్పేం లేదమ్మా. నా నరం పరాయివాళ్లకి పలకదు," అని భర్త వైపు తిరిగి, "సూదక్కని పిలుచుకు రండి. ఆవిడ తీస్తేనే ఇస్తాను," అంది.

"ఆవిడని తీసేశారే!"

"తీసేస్తే? ఇరవై రెండేళ్ల చెయ్యి ఒక్క సోమవారం పొద్దున మర్చిపోయిందా పని? నేను ఆ కుర్చీలోనే కూర్చున్నాను కదండీ. ట్యూబుని పసిపిల్లని తిప్పినట్టు తిప్పింది. మీరూ చూశారు. చూళ్లేదా?"

అతను చూశాడు.

సూదక్క ఇల్లు ఒక మూడంతస్తుల మేడ మీద ఒంటిగది. తలుపు తీసే ఉంది. ఆవిడ నేలమీద కూర్చుని దిండుగలీబుకి బొత్తాలు కుడుతోంది. పక్కన కుట్టినవి అరడజను ఉన్నాయి. వాటిలో దేనికీ బొత్తాలు అవసరం లేదు.

"రా అన్నా. చేతులు ఊరుకోవట్లేదు, ఏదో ఒకటి పొడుస్తూ ఉండాలి," అంది.

అతను వచ్చిన పని చెప్పాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"వద్దన్నా. నా చెయ్యి పోయింది. ఒప్పుకున్నాను కదా."

"ఎందుకు ఒప్పుకున్నావు?"

సూదక్క దారం కొరికి, సూదిని గలీబుకి గుచ్చి పక్కన పెట్టింది.

"నీకు చెప్తే ఎవరికి చెప్తావులే. డాక్టరమ్మ ఫోను చేసి పద్దెనిమిదీ ఎక్కువే వచ్చాయంది. పద్దెనిమిదోది ఎవరిది? నాది. నేను తీసింది సరిగ్గానే తీశానన్నా, ఆ సంగతి నాకు తెలుసు. సరిగ్గా తీశాను అని దెబ్బలాడితే ఏమవుతుంది? చెయ్యి సరైనదే అయితే లెక్కా సరైనదే. లెక్క సరైనదైతే నాకు జబ్బు ఉన్నట్టు. మా అమ్మ పోయింది దాంతోనే. చెయ్యి తప్పు అంటే ఉద్యోగం పోతుంది. ఒప్పు అంటే నేనే పోతాను. రెండిట్లో ఏది చవకో చూసుకున్నాను."

ఆవిడ అది నవ్వుతూనే చెప్పింది. అతనికి మాత్రం నవ్వు రాలేదు. తను చూసుకున్న లెక్కే ఈవిడా చూసుకుంది. తనకి అన్నీ లాభంగా తేలాయి. ఈవిడకి రెండువైపులా నష్టమే మిగిలింది. ఆ రెంటికీ మధ్య ఉన్నది రెండు ఐసుగడ్డలు.

"నేను ఐసు పెట్టాను," అన్నాడు.

"ఎక్కడ?"

"పెట్టెలో. సోమవారం. మా ఆవిడ ట్యూబు వెచ్చగా ఉందని."

సూదక్క కదల్లేదు. "ఎన్ని గడ్డలు?"

"రెండు."

"ఎంతసేపు?"

"మూడు గంటలూ."

ఆవిడ లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. వెనక్కి వచ్చింది. కుట్టిన గలీబులన్నీ ఒకదాని తర్వాత ఒకటి తీసి అతని మొహాన కొట్టింది. ఆరూ అయ్యాక ఏడోదానికి సూది గుచ్చి ఉందని గుర్తొచ్చి ఆగింది.

"రెండు రోజులు! రెండు రోజులుగా నా సామాన్లు ఎవరికివ్వాలో ఆలోచిస్తున్నాను రా నాయనా! రుబ్బురోలు కూడా పక్కింటావిడకి ఇచ్చేశాను!"

"తిరిగి తెచ్చిస్తాను."

"నువ్వు ముట్టుకోకు, దాన్నీ చల్లబెడతావు."

అప్పుడు కూలబడి ఏడ్చింది. చిన్నపిల్లలా వెక్కుతూ ఏడ్చింది. అతను ఆ గలీబులన్నీ ఏరి మడతపెడుతూ కూర్చున్నాడు.

"అంటే నాకేం లేదు కదన్నా?"

"ఏం లేదు. ఐసు వల్లే. నేను చెప్తున్నాను కదా," అన్నాడు. సరుకుకి హామీ ఇచ్చే గొంతు అది. పన్నెండేళ్లుగా ఆ గొంతుని ఎవరూ అనుమానించలేదు.

కిందికి దిగి వ్యానులో కూర్చుని డాక్టరమ్మకి ఫోను చేశాడు. సూదక్క పక్కన కూర్చుని వింది. బావమరిది స్టీరింగు మీద తల ఆనించి కళ్లు మూసుకున్నాడు, ఈసారి నిద్రకి కాదు. అతను ఏదీ తగ్గించకుండా చెప్పాడు: రెండు గడ్డలు, మూడు గంటలు, పొడిగుడ్డ, నిన్న చెప్పిన అబద్ధం.

అవతల కాగితాలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"ఆరుగురికి ఫోన్లు చేశాం," అంది డాక్టరమ్మ చివరికి. "అందులో ఒకావిడ రెండు రోజులుగా అన్నం ముట్టలేదు. తెలుసా మీకు?"

"మా ఇంట్లోనూ ముట్టలేదమ్మా."

"సోమవారం నుంచి మీరు పెట్టె మొయ్యొద్దు. సూదక్కని రమ్మనండి. అందరివీ ఆవిడే మళ్లీ తీస్తుంది. పద్దెనిమిదీ."

*

మళ్లీ సోమవారం. కేంద్రం బయట పదిహేడు మంది వరసగా కూర్చున్నారు. ఎవరు తమ రక్తాన్ని చల్లబెట్టారో వాళ్లకి చెప్పారు. అతను వెళ్లిపోకుండా అక్కడే నిలబడ్డాడు. ఒక పెద్దాయన దగ్గరికి వచ్చి అతన్ని ఎగాదిగా చూసి, "మంచి చేద్దామని చేశావట," అన్నాడు.

"అవునండీ."

"ఇకమీదట మాకేం మంచి చెయ్యకు," అని వెళ్లి కూర్చున్నాడు.

భార్య నరం సూదక్క వేళ్లకి వెంటనే దొరికింది. అందరివీ అయ్యాక సూదక్క రబ్బరుపట్టీ పళ్లతో బిగించి, తనది తీసుకుని, నల్లటి గుర్తు అంటించింది. పెట్టె ఎవరో వేరేవాళ్ల బండి ఎక్కింది. అది మలుపు తిరిగేదాకా అతను చూశాడు. సర్దడం సరిగ్గా లేదు, కానీ నోరు మెదపలేదు.

బుధవారం సూదక్క ఫోను చేసింది. డాక్టరమ్మ తనని రమ్మందనీ, ఉద్యోగం కాగితాలు అయి ఉంటాయనీ, దూరం కాబట్టి వ్యానులో దింపమనీ అడిగింది. "మీ ఆవిణ్ణి కూడా తీసుకురా, ఆవిడ లెక్క కూడా చెప్తారట."

దారంతా ఆడవాళ్లిద్దరూ బావమరిది పెళ్లి గురించి మాట్లాడుకున్నారు. నిద్రలో నడిపే వ్యానెక్కే పిల్ల ఎక్కడ దొరుకుతుందన్నది సమస్య.

డాక్టరమ్మ బల్లమీద ఒక కాగితం పెట్టి ఉంది. ముందు అతని భార్య వైపు తిరిగింది.

"మీది పాతచోటికే వచ్చేసింది. మిగతా పదహారూ అంతే. ఐసు వల్లే."

భార్య అతని చెయ్యి పట్టుకుంది. ఎంత గట్టిగా పట్టుకుందంటే ఉంగరం ఎముకకి నొక్కుకుంది. అతను సూదక్క వైపు చూసి నవ్వాడు. హామీ నిలబడింది.

డాక్టరమ్మ నవ్వలేదు. కళ్లజోడు తీసి తుడిచింది. తుడిచిందే మళ్లీ తుడిచింది.

"వీళ్లని బయట కూర్చోమంటారా?" అని సూదక్కని అడిగింది.

"పరవాలేదు. నా దగ్గర దాచేదేముంది? కాగితాలేగా?"

"పద్దెనిమిదోది తగ్గలేదు."

గదిలో ఏదో యంత్రం సన్నగా తిరుగుతోంది. అది అప్పటిదాకా వినిపించలేదు.

"తగ్గలేదని నిన్న సంచులు విప్పి చూశాం. వాటి మీద ఉండకూడని గుర్తులున్నాయి. తర్వాత పాత కాగితాలు తీశాం, మొదటి వారం నుంచీ. ప్రతివారం కొంచెం కొంచెం పెరుగుతూ వచ్చింది. మా కళ్లెదురుగానే ఉంది. యంత్రం తేడా చేస్తోందనుకుని యంత్రాన్ని సరిచేస్తూ పోయాం. ఆ ట్యూబు వెనక ఒక మనిషి ఉందని..." ఆవిడ ఆగిపోయింది. "ఇది పరిశోధన మాత్రమే. దీన్ని బట్టి జబ్బని చెప్పకూడదు. స్కాను చెయ్యాలి. ఈరోజే చేయిస్తాను."

రాయిని ఎవరూ తూచరు. పన్నెండేళ్లు త్రాసు పట్టిన అతనికి కూడా అది తట్టలేదు. రాయివి నువ్వు అని నవ్వుతూ చెప్పింది తనే. నీకేం లేదు, నేను చెప్తున్నాను కదా అన్నదీ తనే. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నేలకేసి చూశాడు.

సూదక్క తన రెండు చేతులూ బల్లమీద పరిచి చూసుకుంటోంది. ఎడమ మోచేతి మడతలో పదకొండు సోమవారాల చుక్కలు, కొన్ని మానినవి, ఒకటి ఇంకా నల్లగా.

"అంటే డాక్టరమ్మా," అంది, "నా చెయ్యి తప్పు చెయ్యలేదు కదా?"

"లేదు. ఒక్కసారి కూడా."

"అయితే ఆ మాట కాగితం మీద రాసివ్వండి," అంది. అన్నాక లేవబోయి, లేవలేక, అతని భార్య భుజం పట్టుకుంది. అతని భార్య ఆవిణ్ణి కూర్చోబెట్టలేదు. తనూ లేచి అలాగే పట్టుకుని నిలబడింది.

*

స్కానులో ఎడమ మూత్రపిండం మీద చిన్న గడ్డ కనపడింది. రేగుగింజ కన్నా కాస్త పెద్దది. నొప్పి లేదు, వాపు లేదు. ఇంకో రెండేళ్లు తెలిసేది కాదని సర్జను చెప్పాడు. అది ఒక్కచోటే ఉంది, కోసి తీసేస్తే చాలన్నాడు. సంచుల్లో మందు నింపి పంపే పని గురించి అతను మళ్లీ అడిగాడు. ఇంకా ఎలుకల దగ్గరే ఉందని డాక్టరమ్మ చెప్పింది. "త్వరగా కానివ్వండి," అన్నాడు, ఆలస్యమైన సరుకు గురించి అడిగినట్టు.

ఆపరేషనుకి ముందు సోమవారం సూదక్క పనికి వచ్చింది. వద్దన్నా వచ్చింది. కొత్తమ్మాయిని పక్కన నిలబెట్టుకుని, ఆ అమ్మాయి వేళ్లు పట్టుకుని ఇంకోసారి ఇస్తానని వచ్చిన అతని భార్య చేతిమీద పెట్టి, "కళ్లతో వెతక్కు. ఇదిగో, ఇక్కడ. పడుకుని ఉంది చూడు," అంది. అమ్మాయికి మొదటిసారి దొరికింది.

పదిహేడు అయ్యాయి. పద్దెనిమిదోది ఎవరిదని అందరూ చూస్తుంటే అతను చొక్కా చెయ్యి మడిచి కుర్చీలో కూర్చున్నాడు.

"నీదా? నీ ఒంట్లో రక్తం ఉందా, ఐసునీళ్లా?" అంది సూదక్క.

"తీసి చూడు."

ఆవిడ తీసింది. నల్లటి గుర్తు అంటించబోతుంటే అతను చెయ్యి అడ్డం పెట్టాడు. "పేరు రాయి. ఎవరో ఒకరు ప్రతివారం చదివేలా రాయి." సూదక్క కొత్తమ్మాయి వైపు చూసింది. అమ్మాయి పెన్ను తీసి రాసింది.

ఆ వారం చివర, ఆస్పత్రి వరండాలో, సర్జను బయటికి వచ్చి అంతా బాగా జరిగిందని చెప్పి వెళ్లాక, బావమరిది బెంచీ మీద కునికిపాట్లు పడుతుంటే, అతను లెక్క చూసుకున్నాడు. కాంట్రాక్టు పోయింది. ఒక్క సరుకూ చెడగొట్టలేదన్న పేరు పోయింది, అది మళ్లీ రాదు. భార్య లెక్క ఉన్నచోటే ఉంది. తీగ మీది నాలుగు గుడ్డలూ అలమరలోకి వెళ్లాయి. బావమరిది ఎక్కడికీ పోలేదు. కొత్తగా వచ్చినవి రెండే. రేగుగింజంత గడ్డ, ఒక గాజుసీసాలో, మనిషి బయట. ట్యూబు మీద ఒక పేరు, గుర్తు ఉండాల్సిన చోట.